అరెస్టుకూ “అరెస్టు చూపించడానికీ” నడుమ

మన తెలుగు పత్రికలలో తరచుగా కనిపించే మాట ఒకటి ఉన్నది: “ఎట్టకేలకు పోలీసులు అతని అరెస్టు చూపించారు.” ఈ వాక్యం చదివి మనం ముందుకు సాగిపోతాము. కాస్త ఆగి ఆలోచిస్తే, అరెస్టు చేయడం వేరు, అరెస్టు చూపించడం వేరు అన్న సంగతి ఆ ఒక్క మాటలోనే ఒప్పుకోబడి ఉన్నదని బోధపడుతుంది. మనిషిని సోమవారం రాత్రి ఇంటినుండి తీసుకుపోయి, బుధవారం సాయంత్రం బస్టాండు వద్ద పట్టుకొన్నట్లు కాగితం మీద వ్రాస్తే, నడుమనున్న రెండు రోజులు ఎవరి లెక్కలోనికీ రావు. ఆ రెండు రోజులు చట్టం దృష్టిలో అతడు స్వేచ్ఛగా తిరుగుతున్న మనిషే. కొట్టినా, తెల్లకాగితాల మీద సంతకాలు తీసుకొన్నా ఆ గడియలకు సాక్ష్యం ఉండదు. అరెస్టయిన వ్యక్తికి చట్టం ఇచ్చిన రక్షణలన్నీ ఒక గడియారానికి ముడిపడి ఉన్నాయి. అది ఎప్పుడు మొదలయిందో రుజువు చేయలేని కుటుంబం తక్కిన హక్కులలో చాలా భాగాన్ని తెలియకుండానే పోగొట్టుకొంటున్నది.

ఈ విషయంలో మూలం రాజ్యాంగం 22వ అధికరణం. అరెస్టు చేసిన వ్యక్తికి అందుకు గల కారణాలను వీలైనంత త్వరగా తెలుపవలెననీ, తనకు నచ్చిన న్యాయవాదిని సంప్రదించే అవకాశాన్ని నిరాకరింపరాదనీ, ప్రయాణకాలాన్ని మినహాయించి 24 గంటలలోగా దగ్గరలోని మేజిస్ట్రేటు ఎదుట హాజరుపరచవలెననీ అది శాసిస్తున్నది. నిందితుణ్ణి తనకు వ్యతిరేకంగా తానే సాక్ష్యం చెప్పేటట్లు బలవంతపెట్టరాదని 20వ అధికరణం అంటున్నది. 1973 నాటి క్రిమినల్ ప్రొసీజరు కోడ్ స్థానంలో 2024 జూలై 1 నుండి భారతీయ నాగరిక సురక్షా సంహిత అమలులోనికి వచ్చింది. సెక్షన్ల అంకెలు మారాయి గాని వకీళ్ళ నోట ఇప్పటికీ పాత అంకెలే వినవస్తున్నాయి. అందుచేత ఇక్కడ అవసరమైనచోట రెండూ పేర్కొంటున్నాము.

“మాట్లాడి పంపిస్తాం”

స్టేషనుకు పిలిచిన ప్రతిసారీ అది అరెస్టు కాదు. ఏడేళ్ళ వరకు శిక్షపడే నేరాలలో (దొంగతనం, సాధారణ మోసం, కట్నం వేధింపుల కేసులు చాలావరకు ఇందులోకే వస్తాయి) అరెస్టు తప్పనిసరి అని పోలీసు అధికారి కారణాలు వ్రాసి చూపితే తప్ప, ముందుగా హాజరు కావలసిందిగా నోటీసు ఇవ్వాలి. కొత్త సంహితలో ఇది 35వ సెక్షను మూడవ ఉపసెక్షను. పాత అంకె 41-ఎ. నోటీసు ప్రకారం హాజరవుతూ ఉన్నంతకాలం, ప్రత్యేక కారణాలు వ్రాస్తే తప్ప అరెస్టు చేయరాదు. 2014 నాటి అర్నేష్ కుమార్ తీర్పులో సుప్రీం కోర్టు, ఈ పద్ధతి పాటించని పోలీసు అధికారిపైనా, కారణాలు చూడకుండా రిమాండుకు పంపే మేజిస్ట్రేటుపైనా శాఖాపరమైన చర్యలు ఉంటాయని హెచ్చరించింది. మూడేళ్ళకు తక్కువ శిక్షగల నేరమై, నిందితుడు 60 ఏళ్ళు దాటినవాడో, రోగంతో బలహీనుడయినవాడో అయితే డి.ఎస్.పి. స్థాయి అధికారి ముందస్తు అనుమతి లేకుండా అరెస్టు చేయరాదన్నది కొత్త సంహితలో చేరిన రక్షణ.

ఇంతకూ “మాట్లాడి పంపిస్తాం” అని తీసుకుపోయిన మనిషిని రాత్రి పొద్దుపోయినా పంపకపోతే? ఇంటికి వెళ్ళిపోయే స్వేచ్ఛ లేనప్పుడు దానికి ఏ పేరు పెట్టినా అది నిర్బంధమే. నిర్బంధం మొదలయిన క్షణం నుండే 24 గంటలు లెక్కించాలి గాని అరెస్టు మెమోలో వ్రాసిన గంట నుండి కాదని హైకోర్టులు తీర్పులిచ్చాయి. కాబట్టి మొదటి పని, ఆ గంటకు రుజువు నిలపడం.

పైరవీకి ముందు చేయవలసినది

అరెస్టు వార్త రాగానే మన పేటలలో ముందు వెదికేది వకీలును కాదు, సిఫార్సు చేయగల నాయకుణ్ణి. ఇందులో కొంత లోకజ్ఞానం లేకపోలేదు. ఒక్కొక్కసారి ఫలిస్తుంది కూడా. అయితే ఆ నాయకుడు “పొద్దున్నే మాట్లాడతాను, మీరు ఏమీ వ్రాయకండి, కోర్టు జోలికి పోకండి” అన్నప్పుడు జరిగేదేమిటో గమనించాలి. కుటుంబం స్టేషను అరుగు మీద రాత్రంతా కూర్చుంటుంది. లోపల కాగితం తయారవుతూ ఉంటుంది. సిఫార్సు ఫలించకపోతే తెల్లవారేసరికి వారి చేతిలో ఏ ఆధారమూ ఉండదు.

వెనుకటి రోజులలో అనుభవం గలవారు ఇటువంటి సందర్భంలో తపాలా ఆఫీసుకు పరుగెత్తి మేజిస్ట్రేటుకూ, పోలీసు సూపరింటెండెంటుకూ టెలిగ్రాం కొట్టేవారు. “నా కుమారుణ్ణి ఫలానా తేదీ, ఫలానా గంటకు, ఫలానా స్టేషనువారు తీసుకుపోయారు” అన్న రెండు పంక్తులు చాలు. దానిమీద పడిన తపాలా ముద్రను తరువాత ఎవరూ చెరపలేరు. టెలిగ్రాం సర్వీసు 2013 జూలైలో మూతపడింది. ఇప్పుడు ఆ పనిని ఈమెయిలు, స్పీడు పోస్టు చేయగలవు. ముఖ్యమైనది తేదీ, గంట, స్థలం, వచ్చినవారి వాహనం, చూసిన ఇరుగుపొరుగు పేర్లు అప్పటికప్పుడు వ్రాసి పంపడం. వీధిలోని దుకాణం కెమెరాలో ఆ దృశ్యం పడి ఉంటే వెంటనే నకలు తీసుకోవాలి. కొద్ది రోజులలో అది తనంతట తానే చెరిగిపోతుంది. ప్రతి పోలీసు స్టేషనులో కెమెరాలు పెట్టి, ఆ రికార్డును 18 నెలలు భద్రపరచవలెనని 2020 డిసెంబరులో సుప్రీం కోర్టు ఆదేశించింది. ఆ రికార్డును తీసివేయకుండా ఉంచమని వకీలు ద్వారా కోర్టును కోరవచ్చు.

మనిషి ఎక్కడ ఉన్నాడో అసలే చెప్పకపోతే రెండు దారులున్నాయి. హైకోర్టులో హెబియస్ కార్పస్ పిటిషను ఒకటి. దానికన్నా దగ్గరిది, చవకయినది రెండవది: అక్రమంగా నిర్బంధింపబడిన మనిషిని వెదికించడానికి స్థానిక మేజిస్ట్రేటు సోదా వారంటు జారీ చేయవచ్చు. ఇది కొత్త సంహితలో 100వ సెక్షను, పాతదానిలో 97.

చేతికి రావలసిన కాగితాలు

1996 డిసెంబరులో వచ్చిన డి.కె. బసు తీర్పు అరెస్టు పద్ధతిపై 11 ఆదేశాలిచ్చింది. వాటిలో చాలాభాగం తరువాత చట్టంలోనే చేరింది. అరెస్టు చేసే అధికారి పేరు కనిపించే బిళ్ళ ధరించాలి. అరెస్టు మెమో వ్రాసి, కుటుంబసభ్యునితోగాని, ఆ పేటలోని పెద్దమనిషితోగాని సాక్షి సంతకం చేయించి, అరెస్టయిన వ్యక్తి సంతకం తీసుకోవాలి. అతడు కోరిన బంధువుకో స్నేహితునికో వెంటనే కబురు అందించాలి. సాక్షిగా సంతకం చేయవలసి వచ్చినవారు మెమోలోని గంటను చదవకుండా సంతకం పెట్టరాదు. గంట తప్పుగా ఉంటే తమ సంతకం పక్కనే సరియైన గంట వ్రాయాలి. అలా వ్రాయనివ్వకపోతే సంతకం చేయకపోవడం నేరమేమీ కాదు.

కారణాలు తెలుపడమంటే సెక్షన్ల అంకెలు చదివి వినిపించడం కాదు. ఏ పని చేశాడని పట్టుకొన్నారో ఆ వివరం చెప్పాలి. 2023 అక్టోబరులో మనీ లాండరింగ్ కేసులకు, 2024 మేలో ఉపా కేసులకు కారణాలను వ్రాతమూలకంగా ఇవ్వడం తప్పనిసరి అని సుప్రీం కోర్టు చెప్పింది. 2025 నవంబరు తీర్పులో అన్ని నేరాలకూ దీనిని వర్తింపజేస్తూ, అతనికి అర్థమయ్యే భాషలో, మేజిస్ట్రేటు ముందు హాజరుపరచడానికి కనీసం రెండు గంటలు ముందుగా ఆ కాగితం అందాలని స్పష్టం చేసింది. భాష విషయం మనవారు ప్రత్యేకంగా గమనించదగినది. తెలుగు మాట్లాడగలిగినా చదవలేనివారు, ఉర్దూ మాత్రమే చదవగలిగినవారు మన ఇళ్ళలో, ముఖ్యంగా స్త్రీలలో, ఎందరో ఉన్నారు. అటువంటివారు తెలుగు కాగితం మీద సంతకం చేయవలసివస్తే “నాకు ఈ లిపి రాదు” అని తాము ఎరిగిన లిపిలోనే వ్రాసి సంతకం చేయవచ్చు.

ఎఫ్.ఐ.ఆర్. నకలును, కొన్ని సున్నితమైన కేసులు మినహా, 24 గంటలలో పోలీసు వెబ్‌సైటులో ఉంచవలెనని 2016లో సుప్రీం కోర్టు ఆదేశించింది. ప్రతి స్టేషనులోనూ అరెస్టయినవారి పేర్లు, నేరం వివరాలు ప్రదర్శించాలనీ, అందుకొక అధికారిని నియమించాలనీ సంహిత 37వ సెక్షను చెప్తున్నది. సెల్ ఫోను, డబ్బు, వాచీ తీసుకొంటే రసీదు ఇవ్వాలి. సోదా, జప్తులను వీడియో తీయవలెనన్నది 105వ సెక్షనులోని కొత్త నిబంధన.

మౌనం, సంతకం, ఒప్పుకోలు

పేరు, చిరునామా నిజంగా చెప్పాలి. అక్కడ దాచడం కొత్త చిక్కు తెచ్చుకోవడమే. పట్టుకోవడానికి వచ్చినవారితో పెనుగులాడడం, పారిపోవడం ఎట్టి పరిస్థితిలోను కూడదు; నిర్దోషిపై కూడ నిజమైన కేసు పుట్టేది అక్కడే. ఇవి మినహాయిస్తే, తనను నేరంలో ఇరికించే ప్రశ్నకు జవాబు చెప్పకుండా ఉండే హక్కు పోలీసు స్టేషనులో కూడ ఉన్నదని 1978లోనే నందినీ సత్పతి కేసులో సుప్రీం కోర్టు చెప్పింది. విచారణ జరుగుతున్నప్పుడు వకీలును కలుసుకోవచ్చు, అయితే విచారణ సాగినంతసేపూ అతణ్ణి పక్కన ఉంచుకోవడం హక్కుగా లేదు. నార్కో పరీక్ష, లై డిటెక్టరు పరీక్షలను అంగీకారం లేకుండా జరుపరాదని 2010లో సెల్వి కేసులో తీర్పు వచ్చింది.

పోలీసు అధికారి ముందు చేసిన నేరాంగీకారం సాక్ష్యంగా చెల్లదు. మరి మన రెండు రాష్ట్రాలలో దాదాపు ప్రతి కేసు కాగితాలలోనూ మధ్యవర్తుల సమక్షంలో వ్రాసిన నేరాంగీకార పంచనామా ఎందుకుంటుంది? దానికొక మినహాయింపు ఉంది. నిందితుడు చెప్పిన మాటవల్ల ఏదైనా వస్తువు బయటపడితే, ఆ వస్తువును పట్టి ఇచ్చిన మాట మేరకు సాక్ష్యంలో చేరుతుంది. పూర్వం ఎవిడెన్సు యాక్టు 27వ సెక్షనుగా ప్రసిద్ధమైన ఈ మినహాయింపు ఇప్పుడు భారతీయ సాక్ష్య అధినియం 23వ సెక్షనులో ఉన్నది. ఖాళీ కాగితం మీద సంతకం ఎంత ప్రమాదకరమో దీనివల్ల తేలికగా ఊహించవచ్చు. పోలీసులు నమోదు చేసే సాక్షి వాఙ్మూలం మీద సంతకం తీసుకోవడానికైతే చట్టమే ఒప్పుకోదు.

బలవంతపు ఒప్పుకోలు చెల్లదన్నది మన ఫిఖ్‌కు కొత్త విషయం కాదు. హారూన్ రషీద్ కాలంలో ప్రధాన ఖాజీగా ఉన్న ఇమాం అబూ యూసుఫ్ (మరణం క్రీ.శ. 798) తన ‘కితాబుల్ ఖరాజ్’లో అనుమానితులను కొట్టి ఒప్పించడాన్నీ, కేవలం ఆరోపణపై ఖైదులో ఉంచడాన్నీ తప్పుపట్టి, ఖైదీల తిండిబట్టలకు ప్రభుత్వమే బాధ్యత వహించాలని ఖలీఫాకు వ్రాశారు.

స్త్రీల విషయం

1978 మార్చిలో హైదరాబాదు నల్లకుంట పోలీసు స్టేషనులో ఒక ముస్లిం స్త్రీపై జరిగిన అత్యాచారం, ఆమె భర్త మరణం, వాటిపై చెలరేగిన ఆందోళన పెద్దలకు జ్ఞాపకమే. జస్టిస్ ముక్తదర్ కమీషన్ పోలీసులను దోషులుగా పేర్కొన్నది. కర్ణాటకకు బదిలీ అయిన కేసులో మాత్రం వారు నిర్దోషులుగా విడుదలయ్యారు. ఇప్పటి చట్టం ప్రకారం సూర్యాస్తమయం తరువాత, సూర్యోదయానికి ముందు స్త్రీని అరెస్టు చేయరాదు. అసాధారణ పరిస్థితిలో చేయవలసివస్తే మహిళా అధికారి, మేజిస్ట్రేటు ముందస్తు అనుమతితో చేయాలి. ఆమె శరీర సోదా మరొక స్త్రీయే, మర్యాదకు భంగం కలుగకుండా జరపాలి. సాక్షిగా విచారించవలసి ఉంటే స్త్రీలను, 15 ఏళ్ళలోపు పిల్లలను, 60 ఏళ్ళు దాటినవారిని స్టేషనుకు రమ్మనకూడదు. వారి ఇంటికే వెళ్ళి అడగాలి.

మేజిస్ట్రేటు ముందు అయిదు నిమిషాలు

ఇంతవరకు చెప్పినదంతా ఒక చోటికి చేరుతుంది. ఆదివారమయితే అది మేజిస్ట్రేటుగారి ఇల్లు కావచ్చు, పొద్దుపోయాక కావచ్చు. రిమాండు రిపోర్టు బల్లమీద ఉంటుంది. “పోలీసులు ఏమైనా ఇబ్బంది పెట్టారా?” అని అడుగుతారు. పక్కనే తీసుకువచ్చిన కానిస్టేబులు నిలబడి ఉంటాడు. “లేదు సార్” అన్న రెండు మాటలు రిమాండు ఉత్తర్వులోకి ఎక్కుతాయి. ఆరు నెలల తరువాత ఎంత గొప్ప వకీలు వచ్చి హింస జరిగిందని వాదించినా, ఆ రెండు మాటలను ఎదుర్కోవలసి వస్తుంది.

భయపడిన మనిషిని నిందించడం మన ఉద్దేశం కాదు. మళ్ళీ అదే పోలీసుల చేతికి వెళ్ళవలసి ఉన్నదని అతనికి తెలుసు. అయినా పోలీసులను కొంచెం దూరంగా పంపమని మేజిస్ట్రేటును అడుగవచ్చు. నన్ను పట్టుకొన్నది ఫలానా రోజు, ఫలానా గంటకు అని చెప్పవచ్చు. గాయాలుంటే చూపి, డాక్టరు పరీక్షకు పంపమని కోరవచ్చు. అరెస్టయిన వెంటనే ప్రభుత్వ డాక్టరు పరీక్షించి, ఆ రిపోర్టు నకలు అతనికో, అతడు చెప్పినవారికో ఇవ్వాలని 53వ సెక్షను చెప్తున్నది. కారణాల కాగితం అందలేదని, వకీలు లేడని చెప్పవచ్చు. చెప్పినదానిని ఉత్తర్వులో వ్రాయమని అడుగవచ్చు. మేజిస్ట్రేటు ఎదుట తల దించుకొని నిలబడడమే మర్యాద అనుకొనే అలవాటు మనలో ఉంది. అక్కడ మాట్లాడడం అమర్యాద కాదు, ఆ మాట వినడం కోసమే చట్టం ఆ మనిషిని అక్కడికి రప్పించింది.

వకీలును పెట్టుకొనే స్తోమత లేకపోతే ప్రభుత్వ ఖర్చుతో ఇవ్వాలనీ, ఆ సంగతి మొదటి హాజరులోనే మేజిస్ట్రేటు తెలుపాలనీ 1980లో భాగల్‌పూర్ కళ్ళు పొడిచిన కేసులో సుప్రీం కోర్టు చెప్పింది. 1987 నాటి లీగల్ సర్వీసెస్ అథారిటీస్ చట్టం కింద కస్టడీలో ఉన్న వ్యక్తికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఈ సహాయం లభిస్తుంది. కార్యాలయం ప్రతి జిల్లా కోర్టు ఆవరణలోనే ఉంటుంది. ఫోను నంబరు 15100.

కోర్టు భాషలో సగం మాటలు మనకు ఇంటి మాటలే. వకీలు, వకాల్తా, జామీను, హాజరు, జప్తు, ఖైదు అన్నీ అరబ్బీ, పారశీకాల నుండి వచ్చినవే. ఒక్క మాట మాత్రం దారిలో తలక్రిందులయింది. అరబ్బీలో ‘ముద్దయీ’ అంటే దావా వేసినవాడు. తెలుగు కోర్టులో ‘ముద్దాయి’ అంటే నిందితుడు! ఉర్దూ ఎరిగిన మన పెద్దలు సమను చదివి తాము ఫిర్యాదిదారులమనుకొని పొరబడే అవకాశం లేకపోలేదు.

ప్రత్యేక చట్టాలు

పైన చెప్పిన 22వ అధికరణం రక్షణలు ముందస్తు నిర్బంధానికి వర్తించవు. మన రాష్ట్రాలలో పి.డి. యాక్టు అని పిలిచే 1986 చట్టం అటువంటిది. అక్కడ నిర్బంధ కారణాలు తెలుపడం, ప్రభుత్వానికి విన్నపం చేసుకొనే అవకాశం, సలహా మండలి పరిశీలన మాత్రమే రక్షణలు. ఈ అధికారాన్ని యథాలాపంగా వాడుతున్నారని 2023 సెప్టెంబరులో తెలంగాణ కేసులో సుప్రీం కోర్టు గట్టిగా ఆక్షేపించింది. ఉపా కింద పోలీసు కస్టడీ 30 రోజుల వరకు, ఛార్జిషీటు గడువు 180 రోజుల వరకు పెరగవచ్చు, బెయిలు కష్టం. విచారణ ఏళ్ళ తరబడి సాగకపోతే ఆ చట్టం కింద కూడ బెయిలు ఇవ్వవచ్చునని 2021లో నజీబ్ కేసులో తీర్పు వచ్చింది.

2007 మే 18న మక్కా మసీదులో బాంబు పేలిన తరువాత హైదరాబాదులో పట్టుకుపోబడిన యువకుల సంగతి ఇక్కడ తలచుకోక తప్పదు. ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం తరువాత 70 మందికి పరిహారం ప్రకటించింది: కోర్టులలో నిర్దోషులుగా తేలిన 20 మందికి తలా 3 లక్షలు, తక్కిన 50 మందికి తలా 20 వేల రూపాయలు. 2013లో హైకోర్టు ఆ ఉత్తర్వును కొట్టివేసింది.

జామీను, రోజుల లెక్క

బెయిలుకు వీలున్న నేరమయితే బెయిలు హక్కు. ఎవరి దయా కాదు. పూచీకత్తు ఇవ్వలేక వారం గడిస్తే ఆ మనిషిని నిరుపేదగా భావించి సొంత ముచ్చలికపై వదిలివేయాలి. తక్కిన నేరాలలో ఛార్జిషీటు 60 రోజులలో, పదేళ్ళు అంతకు మించిన శిక్షగల నేరాలలో 90 రోజులలో దాఖలు కాకపోతే బెయిలు హక్కుగా వస్తుంది. రిమాండు చేసిన రోజునే మొదటి రోజుగా లెక్కించాలని 2023లో సుప్రీం కోర్టు తేల్చింది. అయితే ఈ హక్కు అడిగినవారిదే. 61వ రోజున అడగకుండా ఊరుకొని, 63వ రోజున ఛార్జిషీటు వస్తే హక్కు పోయినట్లే. నోటిమాటగా అడిగినా చాలునని 2017 తీర్పు ఉన్నది. ఇంతకుముందు ఏ నేరంలోనూ దోషిగా తేలనివారు గరిష్ఠ శిక్షలో మూడవవంతు, ఇతరులు సగం కాలం విచారణ ఖైదీలుగా గడిపితే, మరణశిక్ష, యావజ్జీవ శిక్ష ఉన్న నేరాలు కాకుండా, వేరే కేసులు పెండింగులో లేకపోతే, వారిని బెయిలుపై విడుదల చేయాలి. ఆ దరఖాస్తు పెట్టే బాధ్యత 479వ సెక్షను జైలు సూపరింటెండెంటుపైనే ఉంచింది.

బెయిలు వచ్చాక కూడ జామీనుదారు దొరకక లోపలే ఉండిపోయేవారున్నారు. 1978లో మోతీరాం అనే తాపీమేస్త్రీకి బెయిలు వచ్చినా, మేజిస్ట్రేటు పదివేల రూపాయల పూచీ అడిగి, అతని అన్నదమ్ముని ఆస్తి వేరే జిల్లాలో ఉన్నదని తిరస్కరించాడు. జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ ఆ ఉత్తర్వును తప్పుపట్టి అతణ్ణి వెయ్యి రూపాయల సొంత ముచ్చలికపై విడిచిపెట్టమన్నారు. స్థానిక జామీనే కావాలని పట్టుపట్టరాదనీ, బెయిలు వచ్చి ఏడు రోజులైనా విడుదల కానివారి సంగతి జైలు అధికారి జిల్లా లీగల్ సర్వీసెస్ అథారిటీకి తెలుపాలనీ, నెలలోగా పూచీ ఇవ్వలేకపోతే షరతులను సడలించే విషయం కోర్టు ఆలోచించవచ్చుననీ 2023 జనవరిలో సుప్రీం కోర్టు ఆదేశాలిచ్చింది.

జామీను నిలబడదలచినవారు ముందే చూసుకోవలసిన చిన్న విషయం ఒకటి. మన పేర్లు ఒక కాగితంలో ‘మహమ్మద్’ అనీ, ఇంకొకదానిలో ‘ఎండి’ అనీ, మరొకదానిలో ‘మొహ్ద్’ అనీ ఉంటాయి; షేక్ ముందుకో వెనకకో జరుగుతుంది. ఆధార్‌లోని పేరు, ఇంటిపన్ను రసీదులోని పేరు కలవకపోతే కోర్టు గుమాస్తా ఆ జామీనును తిప్పి పంపవచ్చు. అది శుక్రవారం సాయంత్రమయితే మనిషి సోమవారం వరకు జైలులో ఉండవలసి రావచ్చు. రెండు పేర్లూ ఒక్కరివేనని నోటరీ ముందు చేసిన అఫిడవిట్టు ఒకటి తయారుగా ఉంచుకొంటే ఆ మూడు రోజులు మిగులుతాయి.